బదులు కేక

పనసగరువు, అరకు లోయ
12 జూలై 1998

మాస్టారికి,
కృపావతి నమస్కారాలు.

కవరు ఇంత లావుగా ఉందేమిటని కంగారు పడకండి. నా ఉత్తరం ఈ రెండు కాగితాలే. మిగతా ఎనభై నాలుగు పేజీలూ నాటకం. డెన్మార్క్ దేశపు నాటకం, ఇంగ్లీషులో టైపు కొట్టింది. ఇక్కడి ఆస్పత్రిలో రెండేళ్ళు పనిచేసిన డెన్మార్క్ నర్సమ్మ పోయిన నెల వాళ్ళ దేశం వెళ్ళిపోతూ నా చేతిలో పెట్టింది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో చూసిందట. కథ సగం చెప్పి, "చివర ఏమవుతుందో మీరే చేసి చూసుకోండి" అని నవ్వింది. నాకొచ్చిన ఇంగ్లీషు స్కూలు రిజిస్టరు నింపడానికి సరిపోతుంది గానీ నాటకం చదవడానికి చాలదు. మీరే తెలుగు చేసి పెట్టాలి.

నన్ను మరిచిపోయారని అనుకోను. నాలుగేళ్ళ క్రితం మా ఆశ్రమ పాఠశాలలో పదిహేను రోజులుండి మాకు నాటకం నేర్పారు. ఒకనాడు పొద్దున్నే వాగు చూసొస్తానని వెళ్ళి మంచులో దారి తప్పారు. ఇక్కడ మంచు పట్టినప్పుడు ఎవరు కేకేసినా విన్నవాళ్ళు బదులు కేకెయ్యాలి, అవతల ఉన్నది పగవాడైనా సరే. ఆ కేకను బట్టే ఊరు ఎటుందో తెలుస్తుంది. మీరు మీ రంగస్థలం గొంతుతో కేకేస్తే నాలుగు కొండల మీంచి నలుగురు పలికారు. ఎటు నడవాలో తెలియక మీరు రాయి మీద కూర్చుండిపోయారు. మా నాటకం కుర్రాడు ఫల్గుణ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం.

ఈమధ్య ఆ నవ్వు తగ్గింది. రెండేళ్ళుగా ఊరు రెండయింది. జాకర దేవత పండక్కి చర్చికి వెళ్ళే ఇళ్ళవాళ్ళు రారు, క్రిస్మస్‌కి మిగతావాళ్ళు రారు. నూతి దగ్గర ఆడవాళ్ళు కూడా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు. అందరూ కలిసి కూర్చునేది మా నాటకం పాకలో మాత్రమే. పదకొండుమందిమి, ఆరుగురు ఒక పక్షం, అయిదుగురు ఇంకో పక్షం. ఈ ఏడాది నాటకం వెయ్యకపోతే ఆ పాక కూడా ఖాళీ అయిపోతుంది. నాకు నిద్రపట్టని బెంగ అదే. ఇది నమ్మకం గురించిన నాటకమని నర్సమ్మ చెప్పింది. రెండు పక్షాలకీ పనికొస్తుందని నా ఆశ.

మీ శ్రీమతి రత్నాలమ్మగారు పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పుడు రెండు ఉత్తరాలు రాశాను. మీరు పలకలేదు. దీనికైనా పలకండి.

మీ శిష్యురాలు
కృపావతి


విజయనగరం
2 ఆగస్టు 1998

చిరంజీవి కృపావతికి,

వద్దని రాద్దామనే కూర్చున్నాను. ఎందుకు వద్దో చెప్పాలంటే ముందు చదవాలి కదా అని మొదటి అంకం చదివాను. ఆ ఇంగ్లీషు మరీ మొద్దుగా ఉంది. ఒక్క మాట సరిగ్గా తెలుగులో పెట్టి చూద్దామని కలం తీశాను. ఇదిగో, మొదటి అంకం మొత్తం దీంతో పంపుతున్నాను. నేను ఒప్పుకున్నానని మాత్రం అనుకోకు.

కథ ఇది. సముద్రం మధ్య ఒక లంక. మంచు పడితే చర్చి గంట కొడతారు, ఆ చప్పుడు పట్టుకుని చేపల పడవలు ఒడ్డుకొస్తాయి. పదేళ్ళ క్రితం ఒక మంచులో అక్కడి పాస్టరు యెన్స్ పగలంతా గంట కొట్టాడు, మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేశాడు. అయినా అతని కొడుకు పడవ రాలేదు. ఆ రోజే గంటగోపురానికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ మంచు పట్టింది. అయిదు పడవలు సముద్రం మీద ఉన్నాయి. మారెన్ అనే ముసలామె కొడుకు అందులో ఉన్నాడు. ఆమె వచ్చి తాళంచెవి ఇమ్మంటుంది. "కొట్టినా ఒకటే, కొట్టకపోయినా ఒకటే" అంటాడు పాస్టరు. మొదటి అంకం అక్కడ ఆగుతుంది.

ఆ పాస్టరు మాటలు రాయడానికి నాకు కష్టం కాలేదు. వాడు మా వీధిలో ఉండే మనిషిలాగే ఉన్నాడు.

పేర్లు మార్చకండి. గంట కంచుదే కావాలి, పళ్ళెం గరిటె మోతలు నాకు పడవు. ఇంకో మాట. నేను మనుషులకి పలకడం మానేసి రెండేళ్ళయింది. ఎదురింటి అచ్చియమ్మ రోజూ సాయంత్రం గేటు దగ్గర నిలబడి "మాస్టారూ, కూర తెచ్చాను" అని పిలుస్తుంది. నేను పలకను. కాసేపు చూసి, గిన్నె గేటు స్తంభం మీద పెట్టి వెళ్ళిపోతుంది. ఆమె లోపలికి వెళ్ళాక తెచ్చుకుంటాను. నువ్వు ఉత్తరం రాశావు కాబట్టి బతికిపోయావు. ఉత్తరానికి గొంతు అక్కర్లేదు.

సర్వేశ్వరరావు


పనసగరువు
20 సెప్టెంబరు 1998

మాస్టారికి నమస్కారాలు.

మొదటి అంకం ఒళ్ళు దాచుకోకుండా తయారుచేస్తున్నాం. మారెన్ వేషం సోములమ్మకి ఇచ్చాను. కొండపోడు చేసుకునే మనిషి, యాభై దాటింది, అక్షరం రాదు. నేను ఒక్కసారి చదివితే మర్నాటికి అప్పజెప్పేస్తుంది. కానీ మారెన్‌ని మారెమ్మ అంటోంది. మాస్టారు పేర్లు మార్చొద్దన్నారు అంటే, "ఓలమ్మా, ఆ ముసల్దాని పేరు ఏదైతే ఏటి? దాని బాధ నాకు తెలుసు. మా గుంటడు అడివిలో రెండ్రోజులు తప్పిపోయినప్పుడు నాను ఇలాగే తిరిగినాను" అంది. మీరు ఎదురుగా ఉంటే ఏమనేవారో గానీ నేనైతే అలాగే అననిచ్చాను.

పాస్టరు వేషం స్వామిది. కాఫీ తోట ఉంది, ఆదివారం చర్చిలో పాటలు పాడతాడు. తాళంచెవి జేబులో దాచే సీను బాగా చేసి, బయటికెళ్ళి గట్టు మీద కూర్చున్నాడు. ఏమైందని అడిగితే, "పాస్టరై ఉండి నమ్మకం పోడమేటి టీచరమ్మా? మనకెందుకొచ్చిన గొడవ" అన్నాడు. సోములమ్మ వెళ్ళి వాడి పక్కన కూర్చుంది. వాళ్ళిద్దరి ఇళ్ళమధ్యా రెండేళ్ళుగా మాటల్లేవు. "కొడుకు పోయినోడికి ఏటి మిగుల్తాది రా? ఆడు కోపంగా ఉన్నాడు, అంతే. నమ్మకం లేనోడికి కోపం ఎందుకొస్తాది?" అంది. మాస్టారూ, పాక బయట ఆ ఇద్దరూ ఒకే గట్టు మీద కూర్చోవడం చూసి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

గంట సంగతి. మా ఊరి చర్చి గంట అడిగితే నాటకాలకి ఇవ్వం అన్నారు పాస్టరుగారు. జాకర దేవత దగ్గరి గంట అడిగితే మా ఊరి పెద్ద భీమన్న, "మీ చర్చి నాటకానికి అమ్మోరి గంటేటి?" అన్నాడు. ఇద్దరికీ దణ్ణం పెట్టి స్కూలు గంట తెచ్చాను. రైలు పట్టా ముక్క, ఇనప ఊచతో కొట్టాలి. కంచు కాదు. కానీ కొడితే మూడు ఊళ్ళకి వినపడుతుంది. రెండు పక్షాల పిల్లలూ ఆ గంటకే బడికొస్తారు.

మిగతా రెండంకాలూ బేగి పంపండి. చివర పడవలు వస్తాయా రావా అని సోములమ్మ రోజూ నా ప్రాణం తీస్తోంది.

కృపావతి


విజయనగరం
25 అక్టోబరు 1998

చి. కృపావతికి,

రెండో అంకం, మూడో అంకం పంపుతున్నాను. సోములమ్మ నీకంటే బాగా అర్థం చేసుకుంది. మారెమ్మ అనే అనుకోనీ.

రెండో అంకంలో లంకలో జనం రెండుగా చీలి కొట్టుకుంటారు. మూడో అంకంలో పాస్టరు తనే వచ్చి తాళంచెవి మారెన్ చేతిలో పెడతాడు. ఆమె గంట కొడుతుంది. మంచులోకి మూడుసార్లు కేకేస్తుంది. ఎవరూ పలకరు. తెర పడుతుంది.

అంతే. ఉన్నదున్నట్టు వెయ్యండి. చివర్లో భజనలు, దీపాలు, దేవుడి వేషాలు చేర్చారని తెలిస్తే నేను మళ్ళీ నీ మొహం చూడను.

ఈ నెల ఒంట్లో బాగాలేదు. దానికి నాటకం కారణం కాదు.

సర్వేశ్వరరావు


పనసగరువు
9 నవంబరు 1998

మాస్టారికి,

కోపంగా ఉన్నాను కాబట్టి నమస్కారం తర్వాత పెడతాను.

నిన్న పాకలో చివరి అంకం చదివాను. చదవడం అవ్వగానే సోములమ్మ లేచింది. "మంచులో ఆడకూతురు మూడుసార్లు కేకేస్తే పలికేవోడు ఒక్కడూ లేడా? అదేటి దేశం? అదేటి ఊరు?" అని అడిగింది. నాటకం సోములమ్మా అన్నాను. "నాటకమైతే మరీ అన్నాయం. రాసినోడి చేతిలో పనే గదా, ఒక్కడిచేత పలికించడానికి ఆడి సొమ్మేటి పోయింది?" అంది.

పొద్దున్నకి ఊరంతా తెలిసిపోయింది. ప్రార్థన చేస్తే దేవుడు పలకడని చూపిస్తారా అని చర్చివాళ్ళు. గంట కొట్టినా పడవలు రాని దేవుడి కథ మన పిల్లలకెందుకని భీమన్న. రెండేళ్ళలో ఆ రెండు పక్షాలూ ఒక్కమాట మీదికి రావడం ఇదే మొదలు, అదీ నా నాటకం ఆపడానికి. పదకొండుమందిలో అయిదుగురు మానేశారు. ఉన్నవాళ్ళు కూడా విడివిడిగా కూర్చుంటున్నారు. ఇంకో నాలుగు రోజులు ఇలాగే ఉంటే పాకకి నేనే తాళం వేసుకోవాలి.

మాస్టారూ, ఒక్కటే అడుగుతున్నాను. నాటకం నిజంగా ఇలాగే ముగుస్తుందా? నర్సమ్మ ఇది చిన్నప్పుడు చూసి ఇన్నేళ్ళు దాచుకుంది. ఎవరూ పలకని నాటకాన్ని అలా నవ్వుతూ నా చేతిలో పెడుతుందా అని అనుమానం. నా దగ్గర ఇంకో కాపీ లేదు. మీరు ఔనంటే ఔను. మీ మాటే వాళ్ళకి చెబుతాను.

నమస్కారాలు.

కృపావతి


విజయనగరం
20 నవంబరు 1998

కృపావతికి,

ఔను. అలాగే ముగుస్తుంది.

అన్యాయమంటోందా సోములమ్మ? అయితే విను. మీ రత్నాలమ్మగారు ఆస్పత్రిలో నలభై ఒక్క రోజులుంది. సింహాచలం అప్పన్నకి మొక్కాను. దర్గాకెళ్ళి చాదర్ కప్పాను. చర్చిలో కొవ్వొత్తి వెలిగించాను. దేవుడి పేరు చెప్పిన ప్రతి గడపా ఎక్కాను. జీవితమంతా వెనక వరసకి కూడా వినపడేలా మాట్లాడిన గొంతు ఇది. ఎవరికీ వినపడలేదు. ఉన్నవాడైతే పలికేవాడు. డెన్మార్క్‌వాడు నిజం రాశాడు. మీకు నిజం కావాలంటే వెయ్యండి, వద్దంటే ఏ కోలాటమో వేసుకోండి.

స.


పనసగరువు
18 డిసెంబరు 1998

మాస్టారికి నమస్కారాలు.

మీ ఉత్తరం పాకలో చదవలేదు. నేనొక్కదాన్నే చదువుకున్నాను. ముందు ఉత్తరంలో నోరు పారేసుకున్నందుకు క్షమించండి. మీరు అన్ని గడపలెక్కిన సంగతి మాకెవరికీ తెలీదు. తెలిస్తే మేం పదకొండుమందిమీ వచ్చి ఆ ఆస్పత్రి మెట్లమీద కూర్చునేవాళ్ళం. మాకెందుకు చెప్పలేదు మాస్టారూ?

మానేసినవాళ్ళు తిరిగొచ్చారు. ఎలా ఒప్పించావని అడక్కండి. మీ నాటకం మీరు రాసినట్టే జరుగుతుంది. ఒక్క మాట మారదు.

జనవరి 8 శుక్రవారం, మధ్యాహ్నం మూడింటికి, మా స్కూలు మైదానంలో. ఆ రోజు అరకు సంత. సంత నుంచి తిరిగొచ్చే జనం ఆగి చూస్తారని పగలే పెట్టుకున్నాం. భీమన్న రానన్నాడు, పాస్టరుగారు రానన్నారు. కాబట్టి ఇద్దరూ తప్పకుండా వస్తారు, ఎవడేం తప్పు చేస్తాడో చూడాలి కదా. మీరూ రండి. ఎస్.కోట మీదుగా పొద్దున్న బస్సెక్కితే రెండింటికల్లా మా రోడ్డు మీద దిగుతారు. ఫల్గుణని పంపుతాను.

కృపావతి


విజయనగరం
12 జనవరి 1999

అమ్మా కృపా,

నేను వచ్చాను.

చెప్పకుండా వచ్చి చెప్పకుండా వెళ్ళిపోయాను. ఎందుకో చెబితే నువ్వు నన్ను మాస్టారని పిలవడం మానేస్తావేమో. అయినా చెబుతున్నాను. నువ్వు పంపిన నాటకం ఎనభై నాలుగు పేజీలు. నేను తెలుగు చేసింది ఎనభై మూడు. ఎనభై నాలుగో పేజీ నా సొరుగులో పెట్టి తాళం వేశాను. అందులో మారెన్ మూడో కేక తర్వాత మంచులోంచి ఒక పడవ బూర మోగుతుంది. తర్వాత ఇంకొకటి. అయిదు మోగాక తెర పడుతుంది. నాటకం అసలు ముగింపు అది.

ఆ పేజీ చదివిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళకి అయిదింటికి అయిదూ తిరిగొస్తాయి, నాకు ఒక్క మనిషి తిరిగి రాదా అనిపించింది. నువ్వు ఔనా కాదా అని అడిగితే అబద్ధం ఆడాను. పైగా నిజం అని పేరు పెట్టాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది, ఆస్పత్రి మెట్లమీద కూర్చునేవాళ్ళమని. దాంతో నాకు తిండి సహించలేదు. నాటకానికి ముందే నీ చేతిలో పెడదామని ఆ పేజీ జేబులో పెట్టుకుని 8వ తేదీ పొద్దున్నే బస్సెక్కాను.

ఘాట్‌లో ఒక లారీ ఆగిపోయి మా బస్సు రెండున్నర గంటలు నిలిచింది. రోడ్డు మీద దిగేసరికి నాలుగున్నర. మంచు దిగిపోయింది, నా చెయ్యి నాకు కనపడలేదు. ఫల్గుణ లేడు. అప్పుడు మీ రైలు పట్టా గంట మోగింది. కంచు గంట కావాలన్న నా నోట్లో మన్ను పడ. ఆ చప్పుడు పట్టుకునే నడిచాను. మైదానం అంచుకొచ్చేసరికి ఏదో నల్లగా జనం ఉన్నారని తెలుస్తోంది గానీ మొహాలు లేవు. సోములమ్మ గొంతు వినిపించింది. మొదటి కేక. రెండో కేక. మూడో కేక.

ఆ తర్వాత నేను రాసిన నిశ్శబ్దం వచ్చింది. కాగితం మీద అది రెండు మాటలు. అక్కడ నిలబడి వింటే దానికి అంతు లేదు. ఇంతమంది మీదికి ఇది నేను తెచ్చాను కదా అనిపించింది. పేజీ చేత్తో పట్టుకుని ముందుకు పరిగెత్తబోయాను.

అప్పుడు నా వెనకాల, బాట మీంచి, ఒక ముసలావిడ గొంతు. "కూ..." అని. సంతనుంచి బుట్ట నెత్తిన పెట్టుకుని ఇంటికి పోతోంది. నాటకం ఉందని కూడా ఆమెకి తెలిసినట్టు లేదు. మంచులో ఎవరో కేకేశారు, ఆమె పలికింది, అంతే. అది విని మైదానంలో కుడిపక్క ఒక మగగొంతు పలికింది. ఎడమ పక్క ఇంకోటి. ఆపైన ఎన్నని చెప్పను? ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముసలివాళ్ళు, చంకలో పిల్లలు. వాగు అవతల ఊరువాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే పలికారు. కొండలు ఆ కేకల్ని తిప్పి మళ్ళీ మనమీదికే పంపాయి. వేదిక మీంచి సోములమ్మ పైకే లెక్కపెట్టడం వినపడుతోంది. "ఒకటొచ్చింది... రెండు... మూడు..." అయిదు దాటాక లెక్క ఆపేసి, "ఓలమ్మా, ఎల్లినోళ్ళకంటే ఎక్కువ మంది వొచ్చీసినారు" అంది. ఆ మాట డెన్మార్క్‌వాడూ రాయలేదు, నేనూ రాయలేదు. పాస్టరు వేషంలో ఉన్న స్వామి వెక్కివెక్కి ఏడవడం మంచులోంచే వినపడింది.

నేనూ కేకేశాను కృపా. ఎప్పుడు నోరు తెరిచానో నాకు తెలీదు. రెండేళ్ళ తర్వాత నా గొంతు నేను విన్నాను.

దేవుడున్నాడని నేను ఇప్పటికీ రాయను, నువ్వూ రాయించకు. కానీ ఎవరూ పలకరని నేను రాసింది అబద్ధం. ఆ అబద్ధాన్ని నీ ఊరు నా కళ్ళముందే కొట్టిపారేసింది. సిగ్గుతో నీ ఎదుటికి రాలేక ఆఖరి బస్సుకి తిరిగొచ్చేశాను. పేజీ ఇంకా నా దగ్గరే ఉంది. పంపమంటే పంపుతాను. క్షమించగలిగితే క్షమించు.

సర్వేశ్వరరావు


పనసగరువు
21 జనవరి 1999

మాస్టారికి,
వెయ్యి నమస్కారాలు, వెయ్యి తిట్లు.

వచ్చి, నా చేతి టీ తాగకుండా వెళ్ళిపోతారా? ఆ కేకల్లో ఒకటి వెనక వరస నుంచి ముందు వరసకి వినపడే గొంతు. ఈ కొండల్లో అలాంటి గొంతు ఇంకెవరికుంది? మీరేనని నాకు అక్కడే తెలిసింది. తెర దించి వెతికేసరికి లేరు. అందుకే మీరు రాసేదాకా నేను రాయకూడదని పట్టుపట్టి కూర్చున్నాను.

ఇప్పుడు నా పాపం వినండి. ఒక్క మాట మారదని మీకు రాశాను కదా. మానేసినవాళ్ళని ఎలా తిరిగి తెచ్చానంటే, చివర్లో పడవలొస్తాయని వాళ్ళకి మాటిచ్చి తెచ్చాను. కొమ్ముబూర ఇచ్చి ఫల్గుణని మైదానం వెనక కాఫీ మొక్కల్లో దాచాను. మూడో కేక తర్వాత నేను ఎర్ర తువ్వాలు ఊపగానే అయిదుసార్లు ఊదాలి. కొమ్ముబూరలో మాటలుండవు కాబట్టి మాట తప్పినట్టు కాదని నాకు నేనే చెప్పుకున్నాను. మీరు కష్టపడి రాసిన నిజాన్ని చాటుగా మార్చేస్తున్నానని నాలుగు వారాలు లోలోపల కుమిలిపోయాను. మీరేమో అక్కడ సొరుగుకి తాళం వేసుకుని కూర్చున్నారు. మనిద్దరం భలే గురుశిష్యులం.

నాలుగు దాటగానే మంచు దిగింది. నేను ఊపుతున్న తువ్వాలు నాకే కనపడలేదు, ఇక ఫల్గుణకేం కనపడుతుంది? మూడో కేక అయింది. బూర లేదు. నేను పిచ్చిదానిలా తువ్వాలు ఊపుతూనే ఉన్నాను. పాక పోయింది, నాటక సమాజం పోయింది, ఇంతటితో సరి అనుకున్నాను. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ పడలేదు. మీరు మైదానం ఆ చివర, నేను ఈ చివర, ఒకే భయంతో నిలబడ్డామన్నమాట.

మీ వెనక పలికిన ముసలావిడ పేరు యర్రమ్మ. పక్క ఊరు. మర్నాడు వెతుక్కుంటూ వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టాను. "నాటకమో గీటకమో నాకేటి తెలుసు? మంచులో మనిసి అరిస్తే పలక్కుండా పోతారేటి?" అని నన్నే చీవాట్లు పెట్టింది. ఆమె తర్వాత కుడిపక్క పలికింది భీమన్న. ఎడమపక్క పలికింది పాస్టరుగారు. నాటకం మొదలయ్యేముందు రెండు పక్షాలవాళ్ళూ మధ్యలో బండి పట్టేంత ఖాళీ వదిలి కూర్చున్నారు. మంచులో ఆ ఖాళీ ఎక్కడుందో ఎవరికీ తెలీలేదు. లేచేటప్పుడు ఎవరి పక్కన ఎవరున్నారో చూసుకుని నవ్వుకున్నారు. ఫల్గుణని నిలదీస్తే ఏమన్నాడో తెలుసా? "బూర నోటికాడికి తెచ్చీసరికే ఊరంతా అరిసీసింది. ఇంక బూరెందుకని నానూ కేకేసినాను" అన్నాడు.

ఊరు ఒక్కటైపోయిందని రాయను, అదేం ఒక్క పూటలో అయ్యేది కాదు. కానీ నూతి దగ్గర ఇప్పుడు అందరూ ఒకటే అడుగుతున్నారు, ఆ రోజు నువ్వు ఎటువైపు నుంచి అరిచావని. దానికి జవాబు చెప్పాలంటే మాట్లాడక తప్పదు. పాకలో ఇప్పుడు పద్ధెనిమిదిమందిమి. గుమ్మలక్ష్మీపురం సంతలో వెయ్యమని కబురొచ్చింది, గూడెం కొత్తవీధి నుంచి కూడా పిలుపొచ్చింది. ఈసారి తీసుకెళ్ళమని భీమన్న అమ్మోరి గంట ఇస్తానన్నాడు. సాయంత్రానికి పాస్టరుగారు చర్చి గంట ఇస్తానన్నారు. సోములమ్మ ఇద్దరికీ చెప్పేసింది, "మీ గంటలు మీ కాడే ఉంచండి. మాకు రైలు ముక్క చాలు" అని. ఇప్పుడామె నడకే మారిపోయింది. నన్ను కూడా లెక్కచెయ్యడం లేదు.

ఇక క్షమాపణ సంగతి. మీరు నన్ను క్షమిస్తే నేను మిమ్మల్ని క్షమిస్తాను. ఆ పేజీ పంపకండి, మాకు అక్కర్లేదు. దాచుకుని ఉంచండి, ఎప్పుడైనా నర్సమ్మ వస్తే చూపిద్దాం. దాని బదులు మాకొక కొత్త చివరి పేజీ రాసి పంపండి. ఏం రాయాలో పాకలో అందరం కూర్చుని తేల్చాం: మారెమ్మ గంట కొడుతుంది, మూడుసార్లు కేకేస్తుంది. ఆ తర్వాతి సంగతి చూడొచ్చిన జనం చూసుకుంటారు.

మంచు లేని ఊళ్ళో పలుకుతారా అని స్వామి భయపడుతున్నాడు. మీరు వెనక వరసలో ఉంటే ఆ భయం అక్కర్లేదని చెప్పాను. ఫిబ్రవరి 6న గుమ్మలక్ష్మీపురం. ఈసారి చెప్పి రండి.

మీ కృపావతి


విజయనగరం
29 జనవరి 1999

అమ్మా కృపా,

కార్డు మీద చోటు తక్కువ. చివరి పేజీ మీరు చెప్పినట్టే, అక్షరం మార్చకుండా రాశాను. 6న నాతోపాటే తెస్తున్నాను. వెనక వరస నాది.

ఈ సాయంత్రం అచ్చియమ్మ గేటు దగ్గరికొచ్చి "మాస్టారూ, కూర తెచ్చాను" అని పిలిచింది.

పలికాను.

సర్వేశ్వరరావు